క్యాసెట్ చివరి ఈల

క్యాసెట్ల కంపెనీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. మొదట్లో పాముచెవులక్క అనేవారు. అక్కను పాముతో కలిపి పిలవడం బాగోలేదని ఎవరో ముందుముక్క కోసేశారు. అప్పట్నుంచి ఆమె చెవులక్క. మూడో అంతస్తులో, గోడలకు దళసరి కంబళ్ళు కొట్టిన చిన్న గదిలో, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని క్యాసెట్లు వినడం ఆమె ఉద్యోగం. టేపు ఎక్కడ నలిగింది, గొంతు ఎక్కడ వణికింది, యంత్రం ఎక్కడ వెంట్రుకవాసి నెమ్మదించింది అన్నీ చీటీ మీద రాసి కిందికి పంపేది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఫలానా పాట బాగుందా అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వేసేది. పాట మీద ఆమె ధ్యాస ఎప్పుడూ నిలవలేదు, పాట వెనక చప్పుళ్ళ మీదే ఉండేది.

ఆమె చేరిన కొత్తలో కంపెనీ నల్లటి పెద్ద రికార్డులు అచ్చు వేసేది. అప్పట్లో పాటను దొంగిలించాలంటే ఫ్యాక్టరీయే కట్టుకోవాలి కాబట్టి దొంగలు తక్కువ. క్యాసెట్లొచ్చాక, వాటి వెనకే రెండు అరల టేప్‌రికార్డర్లొచ్చాక ఆ ఇబ్బంది తీరిపోయింది. ఒక అరలో కంపెనీ క్యాసెట్టు, రెండో అరలో ఖాళీ క్యాసెట్టు పెట్టి, రెండు మీటలు నొక్కి, భోజనం చేసి వచ్చేసరికి ఒకటి రెండయ్యేది. సందుకో కొట్టు వెలిసింది. పాటల చీటీ రాసిచ్చి వెళ్తే సాయంత్రానికి క్యాసెట్టు నింపి ఇచ్చేవారు. అలాంటి వాళ్ళను కోర్టులు చీవాట్లేసి, జరిమానా కట్టించి వదిలేసేవి. అసలు కోపమంతా రెండో రకం వాళ్ళ మీద. వాళ్ళు కంపెనీ అట్టను కూడా అచ్చుగుద్దినట్టు తయారుచేసి, కాపీని అసలుదని అమ్మేవారు. దానికి జైలు.

అట్ట చూసి పోల్చుకోవడం కష్టమైపోయాక కంపెనీ ఒక ఉపాయం చేసింది. ప్రతి క్యాసెట్ చివర, ఆఖరి పాట అయిపోయి కాసేపు నిశ్శబ్దం గడిచాక, ఆరు సెకన్లపాటు ఒక ఈల పెట్టింది. దారప్పోగంత సన్నటి ఈల. మామూలు మనిషి వింటే యంత్రం తిరిగే రొద అనుకుంటాడు, లేదా ఏమీ అనుకోడు. కొట్లలో వాడే యంత్రాల మీద కాపీ తీస్తే అంత సన్నటి చప్పుడు కొత్త టేపు మీదికి ఎక్కదు, దారిలోనే రాలిపోతుంది. ఈల ఉంటే అసలు, లేకపోతే నకలు. ఈ సంగతి కంపెనీలో ముగ్గురికే తెలుసు: మేనేజరుకు, రెండో అంతస్తులో కొలత యంత్రం దగ్గర కూర్చునే మీటరాయనకు, చెవులక్కకు. బయటికి పొక్కితే దొంగలూ ఈల వేస్తారు కదా.

మొదట్లో ఆమె విని చెప్పిన ప్రతిదాన్నీ మీటరాయన యంత్రం మీద పెట్టి, ముల్లు లేచిందా లేదా అని మళ్ళీ చూసేవాడు. ఒక్కసారి కూడా తేడా రాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి మేనేజరు ఆ రెండో పరీక్ష దండగన్నాడు. తమరి చెవుల పుణ్యమా అని తన మీటరు ఈగలు తోలుకుంటోందని మీటరాయన ఎదురుపడినప్పుడల్లా వేళాకోళమాడేవాడు. ఆమె పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది.

బస్టాండు వెనక కొట్టు మీద దాడి జరిగింది ఒక ఎండాకాలం పొద్దున. కొట్టు నడిపేది యాభై దాటిన బక్కపలచని మనిషి, వచ్చే పోయే వాళ్ళంతా బాబాయి అనే పిలిచేవారు. ఇద్దరు పోలీసులు, కంపెనీ తరఫున ఒక అధికారి, వాళ్ళ వెనక భుజాన టేప్‌రికార్డరు తగిలించుకుని చెవులక్క. వెనక పెట్టెలో చేతిరాత చీటీలు అంటించిన క్యాసెట్లు ఉన్నాయి. వాటి గురించి ఎవరికీ అనుమానం లేదు. ముందు అరలో కంపెనీ అట్టలతో పన్నెండు ఉన్నాయి. తలుపు సగం దించి, ఆయన స్టూలు మీదే కూర్చుని, ఆమె పన్నెండు క్యాసెట్లూ చివరికంటా తిప్పి విన్నది. పన్నెండింటి చివరా నిశ్శబ్దమే.

నకలువేనని చెప్పింది. బాబాయి గట్టిగా అరవలేదు. "అమ్మా, వెనక పెట్టెలోవి నేను నింపినవే, కాదనను. ముందు అరలోవి మాత్రం మీ డీలరు దగ్గర తెచ్చినవి. ఇంకొక్కసారి వినండి" అన్నాడు. పట్టుబడిన ప్రతివాడూ అదే మాట అంటాడు. ఆమె హెడ్‌ఫోన్లు చుట్టి సంచిలో పెట్టుకుంది. కొట్టుకు సీలు వేసే ముందు ఆయన పోలీసులను అడిగి లోపలికి వెళ్ళి, కళ్ళజోడూ అన్నం డబ్బా మాత్రం తెచ్చుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత కోర్టు నుంచి సాక్షి కాగితం వచ్చింది. ఆమెకు అది కొత్త కాదు. విచారణ ఇంకా పది రోజులుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ముందుగదిలో కూర్చుని కొడుకు చొక్కాకు బొత్తాలు కుడుతోంది. కోడలు వంటింట్లోంచి వచ్చి, "అత్తయ్యా, టీవీ ఆపలేదేంటి? ఆ కీచురొద వింటూ ఎలా కూర్చున్నారు?" అంది.

టీవీలో బొమ్మ లేదు. ప్రసారాలు అయిపోయి తెర నల్లగా ఉంది. వెనక స్విచ్చి మాత్రం వేసే ఉంది. ఆ కీచురొద ఏమిటో చెవులక్కకు బాగా తెలుసు. అదే టీవీ కొన్న కొత్తలో, ఇంటి చివరి గదిలోంచి విని వచ్చి, స్విచ్చి ఆపకుండా వెళ్ళినందుకు కొడుకును ఎన్నిసార్లు కేకలేసిందో లెక్క లేదు. ఇప్పుడు టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉంది. ఆమెకు ఏమీ వినపడటం లేదు.

ఆపమంది. మళ్ళీ వేయమంది. గోడవైపు తిరిగి కూర్చుని, నీ ఇష్టం వచ్చినప్పుడు వెయ్యి, ఎప్పుడేశావో నేను చెబుతానంది. కోడలు ఇదేదో ఆట అనుకుని నవ్వుతూ మొదలుపెట్టింది. ఐదోసారికో ఆరోసారికో నవ్వడం మానేసింది. "పోనీలెండి అత్తయ్యా, దుమ్ముకు చెవులు దిబ్బడేసుంటాయి" అని స్విచ్చి ఆపి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. చెవులక్క సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కించకుండానే లేచి వెళ్ళి, స్విచ్చి తనే మళ్ళీ వేసి, టీవీకి చెవి ఆనించింది.

సోమవారం ఆఫీసుకు అందరికన్నా ముందు వెళ్ళింది. కంపెనీ సొంత బీరువాలోంచి అసలు క్యాసెట్టొకటి తీసి పెట్టుకుంది. రోజువారీ పనిలో అసలు క్యాసెట్లను ఆఖరి పాట దాకానే వినేది, వాటిలో ఈల కోసం విని ఏళ్ళయింది. ఈల ఎక్కడ మొదలవుతుందో యంత్రం మీద తిరిగే అంకెలను బట్టి తెలుసు. అంకె వచ్చింది, దాటింది. ఏమీ లేదు. హెడ్‌ఫోన్లు మార్చింది. యంత్రం మార్చింది. క్యాసెట్టు మార్చింది. మరోసారి వింటున్నప్పుడు ఈల వినపడినట్టే అనిపించి ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అప్పటికి టేపు ఇంకా ఆఖరి పాటలోనే ఉంది.

ఆ క్యాసెట్టు పట్టుకుని రెండో అంతస్తుకు దిగింది. ఒక్కసారి ముల్లు చూసి పెట్టమని, తన హెడ్‌ఫోన్లేవో మొరాయిస్తున్నాయని మీటరాయనకు చెప్పింది. ఆయన దుమ్ముగుడ్డ తీసి, యంత్రం వెచ్చబడేదాకా పాత జోకులు రెండు వేసి, క్యాసెట్టు పెట్టాడు. సమయానికి ముల్లు నిటారుగా లేచి, ఆరు సెకన్లు నిలబడి, పడిపోయింది. భేషుగ్గా ఉందన్నాడు. ఆమె సరేనని మెట్లెక్కింది. 

మర్నాడు సెలవు పెట్టి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గాజు కిటికీ ఉన్న చిన్న పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక మీట ఇచ్చారు. మొదటి చప్పుళ్ళు బాగానే వినిపించాయి. తర్వాత నిశ్శబ్దం. ఎంతకీ తెగని నిశ్శబ్దం. గాజులోంచి చూస్తే అవతల కూర్చున్న నర్సు వేలు కదులుతూనే ఉంది. అంటే చప్పుళ్ళు వస్తున్నాయి. అప్పుడు చెవులక్క చేసిన పని తలుచుకుంటే ఆమెకు ఆ తర్వాత ఎన్నాళ్ళకీ సిగ్గు పోలేదు. నర్సు వేలు కదిలినప్పుడల్లా తనూ మీట నొక్కసాగింది. నాలుగుసార్లు నొక్కాక నర్సు లేచి వచ్చి కుర్చీని గోడవైపు తిప్పి పెట్టింది.

డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. సగం దాకా చదునుగా వచ్చి, అక్కణ్ణుంచి జారుడుబల్లలా కిందికి పడిపోయింది. పైచప్పుళ్ళు పోయాయని, మాటలకేమీ ఢోకా లేదని, టెలిఫోను మోగినా పక్కింట్లో గొడవైనా చక్కగా వినపడుతుందని చెప్పాడు. ఎప్పట్నుంచి ఇలా అని అడిగింది. చెప్పలేమన్నాడు. మూడేళ్ళు కావచ్చు, నాలుగు కావచ్చు, ఇది చెదపట్టినట్టు మెల్లగా వస్తుంది, పట్టినవాళ్ళకే ఆఖరున తెలుస్తుందన్నాడు. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాళ్ళకు త్వరగా వస్తుందట.

ఇంటికి వచ్చే దారంతా ఆమె నాలుగేళ్ళ దాడులను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. బాబాయి కొట్టు కాకుండా తొమ్మిది. తొమ్మిది కొట్లలో తొమ్మిది స్టూళ్ళ మీద కూర్చుని, చెవికి ఏమీ వినపడక, నకలువేనంది.

ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె చెప్పిందంతా బఠాణీలు ఒలుస్తూ విన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈ ఒక్క సాక్ష్యం చెప్పేసి, తర్వాత ఏ నడుంనొప్పో అని కూర్చోమన్నాడు. ఆమె ఊరుకోకపోతే, ధైర్యం చెప్పాలనే ఉద్దేశంతోనే ఇంకో మాట అన్నాడు. "ఆఖరి మూడేళ్ళూ కళ్ళపరీక్షలో నేను అక్షరాలు చూసి చదివాననుకున్నావా? ముందే బట్టీ పట్టి అప్పజెప్పాను. ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకు ఈ సంగతి తెలియదు. "వాన కురిసేటప్పుడు కూడానా?" అని అడిగింది.

వానలో మరీ కష్టమని, ముందు వెళ్ళే బండి ఎర్రదీపం పట్టుకుని పోయేవాణ్ణని ఆయన గొప్పగానే చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆ రోజుల్లో కొడుకు కాలేజీకి వెళ్ళింది ఆ బస్సులోనే. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది. ఆయన బఠాణీల గిన్నె పక్కకు జరిపాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. తలుపు వేసి, ముందు కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. నొప్పేమైనా ఉందా అని అడిగాడు. ఆ తర్వాత, ఇది ఇంకా ఎవరెవరికి చెప్పారని అడిగాడు. మా ఆయనకేనంది.

ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఈల సంగతి కోర్టులో చెబితే రేపటికల్లా ఊళ్ళో ప్రతి దొంగా ఈల వేస్తాడు. పాత కేసులన్నీ తిరగబడతాయి. పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, కింద ఫ్యాక్టరీలో మూడు వందల మంది, వీళ్ళందరి తిండీ ఆ క్యాసెట్ల మీదే ఉంది. "ఆ కొట్టతను కాపీలు అమ్ముతాడని ఊరంతా తెలుసు. మీరు వినపడి నకలన్నా, వినపడక నకలన్నా, అది నకలే" అన్నాడు.

"పన్నెండూనా?" అంది ఆమె.

"పన్నెండని చెప్పింది మీరే కదా."

 కొట్లో పట్టుకున్నవాటిలో పదకొండు కోర్టులో సీలు కింద ఉన్నాయి. ప్రతి దాడిలోంచి నమూనాకని తెచ్చిన ఒకటి మేనేజరు బీరువాలో ఉంది. బాబాయిది మీటరు మీద పెట్టి చూద్దామంది. విచారణ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోకూడదని ప్లీడరు చెప్పాడన్నాడు. విచారణ అయిపోగానే ఆమెను చెవులతో పనిలేని చోటికి మారుస్తానని, జీతం తగ్గదని మాటిచ్చాడు. ప్లీడరు కూడా ఫోన్ చేసి, ఏమడిగినా ఇరవై రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాననండి చాలు, ఇంకొక్క మాట వద్దు అన్నాడు.

మిగిలిన రోజులు ఆమెకు తిండి సయించలేదు. బాబాయి నిజంగానే దొంగైతే? తన నోటితో తన పరువు తీసుకుని, ఇరవై రెండేళ్ళ పేరు మట్టిలో కలుపుకుని, ఒక దొంగను బయట పడేసినట్టవుతుంది. కాకపోతే? ఆలోచన అక్కడికి వచ్చి ఆగిపోయేది. తాను చూసిన దొంగల్లో పోలీసుల వెంట పోతూ అన్నం డబ్బా గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. కానీ అన్నం డబ్బాను సాక్ష్యమనలేం కదా.

విచారణ రోజు పొద్దున భర్త తనూ వస్తానని చొక్కా వేసుకున్నాడు. బస్సులో ఆమె ఒక్కొక్క చప్పుడునూ తడిమి చూసుకుంటూ కూర్చుంది. కండక్టరు చేతిలో చిల్లర వినపడుతోంది. ఇంజను వినపడుతోంది. బ్రేకు వేసినప్పుడు ఎదురుసీటు పసిపిల్ల రెండు చెవులూ మూసుకుంది. ఆమెకు చక్రాలు నేలను రాసుకున్న చప్పుడు మాత్రమే వినిపించింది. పిల్ల దేనికి చెవులు మూసుకుందో ఆ పైచప్పుడు వినపడలేదు.

కోర్టు గది చిన్నది. బెంచీల మీద అరడజను మందికి మించి లేరు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు, మనిషి ఇంకా చిక్కాడు. జడ్జిగారు జలుబుతో ఉండి మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. కంపెనీ దగ్గరి నమూనాతో కలిపి పన్నెండు క్యాసెట్లూ బల్ల మీద పేర్చారు. ఇవి మీరు విన్నవేనా అని కంపెనీ ప్లీడరు అడిగాడు. అవునంది. ఇవి అసలువా, నకలువా అన్నాడు. ఆ ప్రశ్నకు ఆమె ఇంతకుముందు ఇదే గదిలో ఎన్నిసార్లు జవాబు చెప్పిందో. 

"ఆ రోజు నకలని చెప్పాను. ఇవాళ చెప్పలేను."

మేడమ్ కంగారులో ఉన్నారని ప్లీడరు నవ్వి, ప్రశ్న మార్చి అడగబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, ఎందుకు చెప్పలేరని ఆమెనే అడిగారు. చెవులక్క మేనేజరు వైపు చూడకుండా, బల్ల మీది క్యాసెట్లనే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఈల గురించి చెప్పింది. అది ఎక్కడ ఉంటుందో, కాపీలో ఎందుకు రాలిపోతుందో చెప్పింది. ప్లీడరు రెండుసార్లు అడ్డుపడ్డాడు, రెండుసార్లూ జడ్జిగారు కూర్చోమన్నారు. "ఈల లేదు కాబట్టి నకలన్నాను. నాకే ఈల వినపడదని తర్వాత తెలిసింది. ఈ పన్నెండింట్లో ఏది ఏదో నాకు తెలియదు" అని, డాక్టరు గీత గీసిన కాగితం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

వారం తర్వాత కోర్టు ఆజ్ఞ మీద మీటరాయన తన యంత్రాన్ని తోపుడుబండి మీద తెచ్చాడు. జన్మలో మొదటిసారి ఆయన జోకు వేయలేదు. ఒక్కొక్క క్యాసెట్టూ పెట్టి చివరికి తిప్పాడు. మొదటిదానికి ముల్లు కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. చెవులక్క బెంచీ అంచు పట్టుకుని, ఏది కోరుకోవాలో తెలియక కూర్చుంది. మూడోదానికి ముల్లు లేచింది. అన్నీ అయ్యేసరికి ఏడింటికి లేచింది, ఐదింటికి లేవలేదు.

బయట వరండాలో బాబాయి ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. దండం పెడతాడేమో, తిడతాడేమో అనుకుంది. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఐదా అమ్మా? నేను కలిపింది మూడే. ఆ మిగతా రెండూ మీ డీలరు నాకే అంటగట్టాడన్నమాట" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనున్న భర్త మాత్రం నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఆ ఐదు అట్టలూ తానే వేయించినట్టు రుజువు దొరక్క, బాబాయికి జరిమానాతోనూ గట్టి హెచ్చరికతోనూ పోయింది. నెలలో కొట్టు తెరిచాడు. ఈల గుట్టు పత్రికల్లో వచ్చాక, మేనేజరు భయపడినట్టే దొంగలూ ఈలలు వేయడం మొదలుపెట్టారు. కొలత తెలియక వాళ్ళు వేసిన ఈల ఎంత పెద్దదంటే చెవులక్కకు కూడా వినిపించింది. కొన్నవాళ్ళు చెవులు గింగురుమని క్యాసెట్లు తిరిగి తెచ్చిచ్చారు. కంపెనీ ఈల మానేసి అట్ట మీద తళతళలాడే చీటీ అంటించింది. ఆరు నెలలకు దొంగల చీటీలు ఇంకా బాగా తళతళలాడాయి.

ఆమెను కింది అంతస్తులో పాత రికార్డుల గదికి మార్చారు. జీతం తగ్గించలేదు, పలకరింపులే తగ్గాయి. భోజనాల బల్ల దగ్గర ఆమె వస్తే మాట మారేది. చెవులక్క అని పిలవడానికి నోరు రాక, ఏమని పిలవాలో తెలియక, చాలామంది పిలవడమే మానేశారు.

ఆమె బాధ అది కాదు. తొమ్మిది కొట్ల సంగతి తేలాలి. ఆ కొట్లవి ఒక్కో నమూనానే మిగిలాయి, మేనేజరు బీరువాలో. మేనేజరు గదికి రోజూ వెళ్ళి నిలబడేది. ఆయన చివరికి విసిగి, కోర్టు అడిగి తీయించేకన్నా మనమే చూసుకోవడం నయమని బీరువా తాళం ఇచ్చాడు. మీటరాయన మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కొక్క నమూనా పెట్టి చూశాడు. రోజుకొకటి. ముల్లు లేవని ప్రతి రోజూ ఆమె కడుపునిండా అన్నం తినేది. ఎనిమిది రోజులు ముల్లు లేవలేదు. తొమ్మిదో రోజున లేచింది. ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లేచింది. ఆరు సెకన్లు నిలబడింది.

అది రైల్వే గేటు దగ్గర కొట్టు. ముప్పై ఏళ్ళవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. తన కొట్లో ఒక్కటంటే ఒక్కటి కూడా కాపీ లేదని గోల పెట్టాడు. ఎవరూ వినలేదు. మూడు నెలలు లోపల ఉండి వచ్చాడు. ఆమె వెళ్ళి చూస్తే ఆ కొట్లో ఇప్పుడు గొడుగులు బాగుచేస్తున్నారు. గొడుగుల మనిషి ఒక వీధి పేరు చెప్పాడు, ఆ వీధివాళ్ళు ఇంకో వీధి చెప్పారు. మూడు ఆదివారాలు తిరిగాక అతను ఒక అచ్చాఫీసులో ఉన్నాడని తెలిసింది.

అచ్చుయంత్రం గది గుమ్మంలోకి అడుగు పెట్టగానే నేల అదిరింది. అతను యంత్రానికి కాగితాలు అందిస్తున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టాడు, చెయ్యి ఆగిపోయింది. ఆమె దారి పొడుగునా మాటలు పొందిగ్గా అమర్చుకుని వచ్చింది. అక్కడ మామూలుగా చెబితే ఏమీ వినపడదు. మొదటి మాట అంది, అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఇంకాస్త గట్టిగా అంది, తల అడ్డంగా ఊపాడు. చివరికి ఆమె గొంతు చించుకుని అరిచింది. "మీ క్యాసెట్లు అసలువే. నాకు వినపడలేదు." గదిలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

అతను యంత్రం ఆపాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె మళ్ళీ మెల్లగా మొదట్నుంచి చెప్పింది, డాక్టరు సంగతి, మీటరు సంగతి.  అంతా అయ్యాక, మా మామగారు ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు, ఈ మాట కాగితం మీద రాసిస్తారా అన్నాడు.

రాస్తానంది. కోర్టుక్కూడా రాస్తానంది. అతను కత్తిరించి పడేసిన కాగితాల్లోంచి ఒక మంచి ముక్క ఏరి ఇచ్చాడు. సిరా అంటిన బల్ల మీద వంగి, తేదీ వేసి రాసింది. కంపెనీ ముద్ర లేదు, నా సంతకమే ఉందని సంజాయిషీగా అంది.

"మీ సంతకంతోనే కదా నేను లోపలికి వెళ్ళింది" అన్నాడు అతను. కోపంగా అనలేదు.

కాగితం తీసుకుని, పెదవులు కదిలిస్తూ చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి, వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఆమె 'పరీక్షలో పొరపాటు జరిగింది' అని రాసింది.

"జరిగిందంటే?" అన్నాడు. "ఎవరు చేశారో కూడా రాయండి."

ఆమె ఆ వాక్యం కొట్టేసింది. కొట్టివేతల కాగితం మామగారు నమ్మడేమోనని అతను ఇంకో ముక్క ఏరి తెచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీద చదును చేసి, పైన తేదీ మళ్ళీ వేసి, ఈసారి 'నేను' అని మొదలుపెట్టింది.